మూరెడు స్టాండు

ఆ పొద్దున మబ్బులు పడమటినుంచి తూర్పుకు ఎవరో తరిమినట్టు పోతున్నాయి. ఆషాఢమాసపు గాలి. వాన రాదు, ఎండ నిలవదు. ఒక మబ్బు పోయి ఇంకొకటి వచ్చే సందులో ఎండ హోసూరు బజారు మీద పడి, మనిషి కళ్ళు చికిలించేలోపలే పోయేది. మా బావ గుర్రప్ప బస్సు దిగినప్పటినుంచీ తలెత్తి దాన్నే చూస్తున్నాడు. ఊరూరా తిరిగి ఫోటోలు తీసేవాడికి ఆకాశంతోనే పని.

"ఇట్లాంటి దినమే మంచిది మునియప్పా. గాలికి నిలబడేది యాదో, పడేది యాదో ఈ పొద్దు తెలిసిపోతాది" అన్నాడు.

చైనావాళ్ళతో యుద్ధం వచ్చిన ఏడు అది. యుద్ధం ఇంకా రాలేదు. మేము ముగ్గురం పోయినాము, బావ, మా అక్క కదిరమ్మ, నేను. నాకు బావి తాడు కావాలి. వాళ్ళకు కెమెరా నిలబెట్టే స్టాండు కావాలి.

పాత స్టాండు టేకుది. బావ కృష్ణగిరిలో ఒక పెద్దాయన దగ్గర పని నేర్చుకుని వచ్చేటప్పుడు తెచ్చుకున్నది. అప్పట్లో గాజు పలకల పెద్ద కెమెరా. తర్వాత దాన్ని ఇచ్చేసి రీలు వేసుకునే చిన్న కెమెరా కొన్నాడు గాని స్టాండు మాత్రం పాతదే. కాళ్ళకు ఇనుప మొనలు, తలమీద పీటంత చెక్క. దాన్ని మోసేది అక్క. బావ కెమెరా సంచిని సైకిలు హాండిలుకు తగిలించి సైకిలు తోసుకుంటూ ముందు నడిస్తే, అక్క చుట్టకుదురు మీద స్టాండు పెట్టుకొని వెనక నడిచేది. ఊళ్ళలో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

"ఏం కదిరమ్మా, ఇద్దరు మొగుళ్ళా నీకు? రెండుకాళ్ళోడు ముందర పోతా ఉండాడు, మూడుకాళ్ళోడు నెత్తినెక్కినాడు."

"మూడుకాళ్ళోడే మేలు. చెప్పినచోట నిలబడతాడు" అనేది అక్క.

ఈ మధ్య ఆ స్టాండు కాలొకటి చీలిపోయింది. అక్కకు మెడ కూడా పట్టేస్తున్నది. "నేను మోసేదానికి తేలికైంది ఒకటి చూడు మామా" అని ఆమే అడిగింది. అడిగిన మాటలో "నేను మోసేదానికి" అనే ముక్క బావ చెవిన పడినట్టు లేదు.

అక్కకు పిల్లలు లేరు. ఇంట్లో ఉంటే అత్త అంగాళమ్మ నోటికింద ఉండాలి. అంగాళమ్మ చెడ్డమనిషి అని చెప్పలేను. కాని పొద్దున లేచి వాకిలి చిమ్మే చీపురుకు కూడా ఒక మాట తగిలించే మనిషి. "చిమ్మి చిమ్మి ఎవురు పారాడేదానికి" అంటుంది. ఆ మాటలనుంచి అక్కను బయటికి తీసుకుపోయేది ఆ మూడుకాళ్ళ బరువే. బరువు ఉంది కాబట్టి మనిషి కావాలి. మనిషి కావాలి కాబట్టి అంగాళమ్మ పోనిచ్చేది.

ఊళ్ళలో అక్క చేసే పని మోయడం ఒక్కటే కాదు. మా అమ్మను, పిన్నమ్మలను ఫోటో తీసినప్పుడు మా ఇంట్లోనే చూసినాను. బావ బయట స్టాండు నిలబెట్టి, కెమెరాలోకి వంగి, ఎండను చూసుకుంటూ ఉంటాడు. అక్క లోపలికి పోతుంది. ఒకామె కొంగు సర్దుతుంది, ఒకామె కమ్మలు వెలుగు పడేట్టు జుట్టు వెనక్కి దువ్వుతుంది, ఏదో అని నవ్విస్తుంది. బయటికి తీసుకొచ్చి కూర్చోబెట్టి, గడ్డం కింద వేలు పెట్టి మొహం ఇంత పైకెత్తి, చివరలో పక్కకు తప్పుకుంటుంది. బావ తలెత్తేసరికి ఆడవాళ్ళంతా మొహాలు కనబడేట్టు కూర్చుని ఉంటారు. వాళ్ళు అట్లాగే వచ్చి కూర్చుంటారని బావ అనుకున్నాడు.

ద్వారకనాథ్ అంగడి హోసూరు బజారులో గడియారాలు, టార్చిలైట్లు అమ్మే అంగడి. బెంగుళూరు కంటోన్మెంటులో వేలానికి వచ్చే వస్తువులు కూడా తెచ్చి పెడతాడు. మమ్మల్ని చూసి మూడు స్టాండ్లు తెచ్చి అరుగు మీద వరసగా పెట్టినాడు.

"రా గుర్రప్పా. మూడుకాళ్ళది కావాలంటే నా దగ్గరికి రావాల. రెండుకాళ్ళదైతే పెండ్లిండ్ల పేరయ్య దగ్గరికి పోవాల. అది నీకు ముందే ఉండాది."

అక్క నవ్వింది. బావ నవ్వలేదు. ఆయన అప్పటికే స్టాండ్ల మీద వంగినాడు.

మొదటిది ఇనుపది, జానెడు ఎత్తు.

"ఇదేమప్పా, పాలు పిండేటప్పుడు కూర్చొనేదానికా?" అన్నాడు బావ.

"టేబుల్ మీద పెట్టుకొనేది."

"మా ఊర్లలో టేబుల్ యాడుంది?" అని పక్కకు జరిపినాడు.

రెండోది చెక్కది. పసుపుపచ్చని సన్నటి చెక్క, ఇత్తడి మరలు, పైన తోలు పట్టా. మడిస్తే చెయ్యి పొడుగు వస్తుంది. అంగడి ముందున్న మన్ను నేలలో నిలబెట్టినాడు. కాలి మొనలు మట్టిలో దిగినాయి. గాలి వచ్చి పక్క అంగడి తడికను ఎగరగొట్టింది గాని అది కదలలేదు. అక్క దాన్ని మడిచి భుజాన వేసుకుంది. నెత్తికెత్తే పనే లేదు. బజారు వెంట నాలుగు అంగళ్ళ దాకా నడిచి వెనక్కి వచ్చింది. వచ్చేటప్పుడు ఆమె నడక చూసినాను. పాత స్టాండు కింద నడిచి నడిచి మెడ బిగబట్టుకోవడం అలవాటైన మనిషి, ఆ కాస్త దూరం తల అటూ ఇటూ తిప్పి అంగళ్ళు చూసుకుంటూ వచ్చింది.

"ఇది బాగుండాది మామా. ఇంకేం చూసేది లేదు" అనింది.

"ఉండు" అన్నాడు బావ.

మూడోది అల్యూమినియంది. ఒక గొట్టంలో ఒక గొట్టం, దాంట్లో ఇంకొకటి. లాగితే టక్కుమని నిలబడుతుంది, నొక్కితే లోపలికి పోతుంది. అంతా మూస్తే మూరెడు. బావ దాన్ని గొడుగు పెట్టుకున్నట్టు చంకలో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి లాగినాడు, మూసినాడు, లాగినాడు. పసిబిడ్డ చేతికి గిలక్కాయ ఇచ్చినట్టుంది.

నిలబెట్టగానే గాలికి అది సన్నగా వణికింది.

"చూడు, వణకతా ఉండాది" అనింది అక్క. "నీడలో తీసేటప్పుడు ఒకటి, రెండు అని లెక్కపెట్టేంతసేపు కదలకుండా ఉండాలంటావు గదా. ఇదేం నిలస్తాది?"

ద్వారకనాథ్ నడిమధ్యన కిందికి వేలాడే కొక్కెం చూపించినాడు. "దీనికి నీ సంచి తగిలించు. సంచిలో ఒక రాయెయ్యి." బావ తగిలించినాడు. వణుకు నిలిచిపోయింది.

"బండమీద జారతాది. మన పక్క అంతా బండలే గదా" అనింది అక్క.

అంగడి ముందర కాలువమీద పరచిన రాతిబండ ఉంది. బావ రెండింటినీ దానిమీద పెట్టి చూసినాడు. చెక్కదాని ఇనుప మొనలు గీరుకుంటూ జారినాయి. అల్యూమినియంది కింద రబ్బరు ఉంది కాబట్టి అంటుకుని నిలబడింది. నిజం చెప్పాలంటే ఆ స్టాండులో తప్పు పట్టేదానికి ఏమీ లేదు. ఆ సంగతి అక్కకూ తెలిసింది. అయినా వదలలేదు.

"పిల్లోళ్ళు వచ్చి తగిలితే పడిపోతాది."

"పిల్లోళ్ళని నేను తరుముకొంటాను."

"చెక్కదైతే నేను మోస్తాను. నాకు బరువు లేదు."

"మొయ్యాల్సిన పనే లేదంటా ఉంటే మోస్తాను మోస్తాను అంటావేమి? ఇది సైకిలు క్యారియరు మీద పడిపోతాది. తొక్కుకొంటా పోతాను, తొక్కుకొంటా వస్తాను. నువ్వు ఇంటికాడ హాయిగా ఉండు."

అక్క చెక్క స్టాండు ఇత్తడి మరను బొటనవేలితో తిప్పుతూ నిలబడింది.

నేను ఊరుకోలేక, "బావా, అక్కకు చెక్కది నచ్చినట్టుండాది" అన్నాను.

"మోసేదే లేనప్పుడు నచ్చేదేమి, నచ్చనిదేమి మునియప్పా? మెడ నొప్పి అనింది. నేనే గదా వినింది. వేరేవాడైతే వినునా?"

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అన్నాడు. పెళ్ళాం కష్టం తీసేస్తున్నానని మొహంలో సంతోషం కూడా కనిపించింది. దానికి ఎదురు ఏం చెప్పాలి? అత్త దగ్గర ఉండలేకనే మోస్తానంటున్నానని ద్వారకనాథ్ ముందర అక్క చెప్పగలదా? ద్వారకనాథ్ మూరెడు స్టాండును కాగితంలో చుట్టి ఇచ్చినాడు. తిరుగు బస్సులో బావ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మళ్ళీ నేను వాళ్ళింటికి పోయింది పంటకోతలైన తర్వాత. అక్క ఇసుర్రాయి దగ్గర రాగులు విసురుతూ ఉంది. అంగాళమ్మ అరుగుమీద కూర్చుని వక్క కొరుకుతూ ఉంది.

"రా నాయనా. మీ యక్కకి ఇప్పుడు ఊర్లు తిరిగే పని తప్పింది. ఇంట్లో ఉండి నా మొహం చూసుకొంటా ఉండాది. నా మొహమైనా చూసుకోవాల గదా. చూసేదానికి ఇంకేముండాది ఈ ఇంట్లో?"

అక్క ఇసుర్రాయి ఆపలేదు.

"మెడ ఎట్లుండాదక్కా?" అన్నాను.

"బాగుండాది" అనింది. "మెడకేం. బాగుండాది."

బావ ఆ రోజుల్లో ఎక్కువగా మగవాళ్ళ ఫోటోలే తెస్తున్నాడని నాకు అనిపించింది. పంచాయతీ మెంబర్లు, భజన చేసేవాళ్ళు, ఎద్దుల జతతో నిలబడిన రైతులు. ఆడవాళ్ళవి కనబడలేదు. అడిగితే, "ఈ ఏడు పెండ్లిండ్లు తక్కువ" అన్నాడు.

కావేరిపట్టణంలో అనంతయ్య శెట్టిగారి మండీకి నేను ఏటా చింతపండు తోలుతాను. ఆయనకు అరవై ఏళ్ళు నిండినాయి. షష్టిపూర్తి చేస్తున్నారు, ఫోటోకు గుర్రప్పను పిలిచినారు. అంతకుముందు వాళ్ళ కూతురి పెళ్ళిలో ఫోటోలు తీసింది బావే, అక్కతో కలిసి. షష్టిపూర్తి రోజు నేనూ బండి తోలుకుని పోయినాను కాబట్టి జరిగిందంతా చూసినాను.

వాకిట్లో పందిరి వేసినారు. నడిమధ్యన శెట్టిగారు, భార్య వసంతలక్ష్మి దండలు వేసుకుని కూర్చున్నారు. కొడుకులు వెనక నిలబడినారు. బావ మూరెడు స్టాండును టక్కు టక్కుమని లాగి నిలబెట్టినాడు. సంచిలో రాయి వేసి తగిలించినాడు. పిల్లలు వింతగా చూసినారు. అంతవరకు అంతా బాగుంది.

"కోడండ్లను పిలవండి" అన్నాడు శెట్టిగారు.

ముగ్గురు కోడళ్ళు గడప దాకా వచ్చి నిలబడినారు. వసంతలక్ష్మి కూర్చున్నచోటినుంచే బావను అడిగింది.

"ఏమప్పా గుర్రప్పా, కదిరమ్మ యాడ?"

"ఇంటికాడ ఉండాదమ్మా. ఇప్పుడు స్టాండు తేలిక. నేనొక్కణ్ణే చాలు."

వసంతలక్ష్మి గడపవైపు తిరిగి కోడళ్ళను రమ్మని సైగ చేసింది.

కోడళ్ళు వచ్చి ఆమె పక్కన వరసగా నిలబడినారు. మామగారి ఎదుట కదా, కొంగు నుదుటిమీదికి లాగుకుని, తలలు వంచుకుని నిలబడినారు. బావ కెమెరాలోకి చూసి లేచినాడు. మూడు కొంగులు కనబడుతున్నాయి. మొహం ఒక్కటీ లేదు.

"అమ్మా, రవ్వంత తల ఎత్తాల."

ఎవరూ ఎత్తలేదు. పరాయి మగవాడు తల ఎత్తమంటే, మామగారు వింటూ ఉంటే, ఏ కోడలు ఎత్తుతుంది? చిన్నకోడలు ఇంకొంచెం వంచింది.

"శెట్టిగారూ, మీరొక మాట చెప్పండి."

అనంతయ్య కోడళ్ళతో నేరుగా మాట్లాడే మనిషి కాదు. ఆ ఇంట్లో ఆయన కోడళ్ళకు ఏం చెప్పాలన్నా భార్యతో చెబుతాడు. ఆయన భార్యవైపు తిరిగినాడు. వసంతలక్ష్మి ఆ రోజు పెళ్ళికూతురు. దండతో పీటమీద కూర్చున్న మనిషి లేచి కోడళ్ళ కొంగులు సర్దకూడదు. "తల ఎత్తండే" అని నోటితో అనింది. వాళ్ళు ఎత్తినట్టు చేసి మళ్ళీ వంచినారు. కొడుకులున్నారు. తండ్రి ముందర పెళ్ళాం కొంగు ముట్టుకుంటారా? వాళ్ళు నేలచూపులు చూస్తున్నారు. అంతమంది ఉన్న ఆ వాకిట్లో ఆ మూడు కొంగులను జానెడు వెనక్కి జరిపేదానికి మనిషి లేదు.

ఎండ పోతున్నది. బావ మొహానికి చెమట పట్టింది. ఏమనుకున్నాడో, గబగబా నాలుగడుగులు వేసి చిన్నకోడలి కొంగువైపు చెయ్యి చాచినాడు.

"యేయ్, యాడికి వస్తా ఉండావు?" పెద్దకొడుకు అడ్డం వచ్చినాడు. గట్టిగా కూడా అనలేదు. బావ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

కోడళ్ళు లోపలికి పోయినారు. తలుపు మూసుకున్న చప్పుడు విన్నాము. స్టాండు మాత్రం ఇంత కూడా కదలకుండా నిలబడి ఉంది.

బావ చేతులు కట్టుకుని, "తప్పయిపోయింది శెట్టిగారూ. ఫోటో కోసరమే గాని..." అన్నాడు.

"తెలుసు లేప్పా. మమ్మల్నిద్దర్నీ, మగోళ్ళనీ తీసేసి పో" అన్నాడు అనంతయ్య. "ఆడోళ్ళది కృష్ణగిరినించి ఇంకొకాయన్ని పిలిపిస్తాము. ఆయన భార్యతోనే వస్తాడంట."

బావ సామాను సర్దుకునేటప్పుడు వసంతలక్ష్మి లోపలికి పోతూ ఆగింది. "నిన్నొక్కణ్ణే అని కాదప్పా మేము పిలిచింది. మీ ఇద్దర్నీ పిలిచినాము" అనింది.

స్టాండు గొట్టాలు ఆ రోజు ఒకపట్టాన లోపలికి పోలేదు. బావ నొక్కుతూనే ఉన్నాడు.

సైకిలు నా బండిలో వేసుకుని ఇద్దరం బయలుదేరినాము. కృష్ణగిరి కొండ కనబడినాక నేనే అన్నాను.

"బావా, అక్క ఉండింటే ఇట్ల అయ్యేది కాదు."

"ఎద్దును చూసుకో. గుంతలో దిగతా ఉండాది" అన్నాడు. రోడ్డు మీద గుంత ఏమీ లేదు.

ఇంటికి చేరినాక అంగాళమ్మ, "ఏమిరా, అంత పెద్దోళ్ళ ఇంట్లో సంభావన బాగా చేసినారా?" అని అడిగింది.

"గాలికి స్టాండు నిలవలేదమ్మా. ఆడోళ్ళది తీసేదానికి కాలేదు" అన్నాడు బావ.

అక్క ఆయన్ను చూసింది. తర్వాత నన్ను చూసింది.

మరునాడు పొద్దున బావి దగ్గర ఆమెకు జరిగిందంతా చెప్పినాను. వింటూనే నీళ్ళు చేదింది. బావ చెయ్యి చాచిన సంగతి చెప్పినప్పుడు మాత్రం చేద తాడు కాసేపు ఆపింది.

"చిన్నకోడలు ఏ చీర కట్టుకొనింది?"

"ఎర్రదనుకొంటానక్కా. జరీది."

"ఆ పిల్లకు కుడిచెంపన మచ్చ ఉండాది. మొహం కుడిపక్కకి తిప్పుకోమని చెప్పాల. మచ్చ మరుగైపోతాది. అది చెప్తే తలెత్తతాది. కూతురు పెండ్లిలో అట్లనే చేసినాను." బిందె చంకనెత్తుకుంది. "ఆయన నోరు తెరిచి నువ్వుండాల అంటే చాలు. ఏ స్టాండైనా కానీ."

ఆమె అడిగింది అంతే. ఆ ఒక్క మాట.

సంక్రాంతి పోయిన తర్వాత ఒకరోజు విత్తనపు అలసందలకోసం వాళ్ళ ఊరికి పోయినాను. సాయంత్రం బస్సు పైనుంచి బావ ఏదో పొడవైన చుట్ట దింపిస్తున్నాడు. ఇద్దరు పట్టుకుంటే గాని దిగలేదు. ఇంటి ముందుకు తెచ్చి విప్పినాడు. తెర. కృష్ణగిరిలో ఒక స్టూడియోవాళ్ళు తీసేసిన తెర. మందపాటి గుడ్డమీద పెయింటు దట్టంగా పూసి, రెండు స్తంభాలు, మెట్లు, వెనక చెరువులో ఒక పడవ వేసినారు. పైనా కిందా రెండు ఇనుప కడ్డీలు. నిలబెట్టడానికి రెండు వెదుర్లు వేరే.

"ఇదెందుకురా?" అనింది అంగాళమ్మ.

బావ తల్లివైపే చూసి చెప్పినాడు. "పల్లెల్లో గోడలు బాగుండవమ్మా. ఇది యెనక కట్టి తీస్తే జనం ఇష్టపడతారు. సైకిలు మీద పట్టదు. ఒగని చేత అయ్యేది కాదు. నీ కోడల్ని నాతో పంపించు."

"అంత బరువుంటే పంపించక ఏం చేస్తాను? పోనీ. నేనే కాచుకొంటా ఉంటాను కొంప" అనింది అంగాళమ్మ.

నాకు అర్థమైంది. అక్కకు కూడా. ఆడవాళ్ళు ఆమె ఉంటే గాని కెమెరా ముందుకు రారని ఆయనకు కావేరిపట్టణంలోనే తెలిసింది. ఆ మాట తల్లి ముందర, ఊరి ముందర చెప్పేదానికి నోరు రాలేదు. దానికి బదులు కృష్ణగిరంతా వెతికి ఒక బరువు తెచ్చినాడు.

అక్క వచ్చి చుట్టకు ఒక కొస పట్టుకుని ఎత్తి చూసింది. దించింది. చెంగును చుట్టకుదురుగా చుట్టుకుని, "మునియప్పా, ఒక చెయ్యి పట్టు" అనింది. ఇద్దరం కలిసి నెత్తికెత్తినాము. పాత టేకు స్టాండుకంటే బరువు. రెండు కొసలూ కిందికి వంగి ఊగినాయి. ఆమె మెడలో నరం లేచింది. వాకిలి ఈ కొసనుంచి ఆ కొసదాకా నడిచింది. తల అటూ ఇటూ తిప్పలేదు, తిప్పే వీలు లేదు.

బావ ఆమెను చూడలేదు. సైకిలు చైనుకు నూనె వేస్తున్నాడు.

"మోస్తావా?" అన్నాడు, చైనునే చూస్తూ.

ఆయన ఇంకేమైనా అంటాడేమోనని ఆమె ఆ బరువుతోనే కాసేపు నిలబడింది. ఆయన అనలేదు.

"మోస్తాను" అనింది. "రేపు యా ఊరు?"

"సూళగిరి. సీమంతం."

"సీమంతమా. ఊరంత ఆడోళ్ళుంటారు."

బావ చెయ్యి చైను మీద ఆగింది. మళ్ళీ నూనె వేసుకున్నాడు.

తెర దించి గోడకు చేర్చినాము. రేపు తెల్లవారకముందే లేవాలి, అందరూ ఒక్కసారే తినేయండి అని అంగాళమ్మ తనే సంగటి గెలికి తెచ్చింది. నలుగురం వంటింట్లో గోడవార కూర్చున్నాము. సంగటి ముద్దలు, ఉలవల పులుసు. అక్క మెడ కదల్చకుండా, పళ్ళెం ఒళ్ళోకి తీసుకుని తినింది. బావ పులుసు గిన్నెను ఆమెవైపు జరిపినాడు. ఆమె పోసుకుని అంగాళమ్మ వైపు జరిపింది. కడుపు నిండేదాకా తిని, ఒకరి తర్వాత ఒకరు చేతులు కడుక్కోవడానికి లేచినాము.